యుద్ధం చంపిన నేలకు మళ్లీ ప్రాణం: అశోకుని శాసనాల నుంచి వియత్నాం అడవుల దాకా

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

యుద్ధాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా మరణించిన మనుషులను గురించే మాట్లాడతాం. అది సహజం, న్యాయం కూడా. అయితే యుద్ధంలో మరణించేది మనిషి ఒక్కడే కాదు. చెట్టు చస్తుంది, నీరు చస్తుంది, నేల చస్తుంది. ఒప్పందాల మీద సంతకాలు పూర్తయ్యాక తుపాకులు మౌనం వహిస్తాయి గాని, విషం నిండిన నేల మౌనంగానే తరాల తరబడి తన పని తాను చేసుకుపోతుంది. అటువంటి నేలకు తిరిగి ప్రాణం పోయడం ఎవరి బాధ్యత? ఎలా పోయాలి? ధమ్మ మార్గంలో నడుస్తున్న మనకు ఆ పనిలో భాగం ఉందా? ఈ మూడు ప్రశ్నలను నేడు మీ ముందు ఉంచదలచుకున్నాం.

ధమ్మ చరిత్రలో ఈ ప్రశ్న తొలిసారి గట్టిగా ఎదురైంది మన పొరుగునే, కళింగలో. పట్టాభిషేకమైన 8 సంవత్సరాలకు అశోకుడు కళింగను జయించాడు. ఆ యుద్ధంలో లక్షమంది హతులయ్యారనీ, లక్షా యాభై వేలమందిని తరలించుకుపోయారనీ, అంతకు ఎన్నో రెట్లమంది ఆ తరువాత మరణించారనీ 13వ శిలాశాసనంలో ఆయనే చెక్కించాడు. ఒక విజేత తన విజయాన్ని దుఃఖంగా ప్రకటించిన అరుదైన పత్రం అది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఆ శాసనం ఉంది.

ఇక్కడ చరిత్ర విద్యార్థులు తప్పక గమనించవలసిన ఒక విశేషం ఉంది. ఎర్రగుడిలో ఉన్న ఈ 13వ శాసనం కళింగ నడిబొడ్డున ఉన్న ధౌలి, జౌగడ శిలల మీద మాత్రం లేదు. అక్కడ 11, 12, 13 శాసనాలను విడిచిపెట్టి, వాటి స్థానంలో అధికారులను ఉద్దేశించిన రెండు ప్రత్యేక శాసనాలను చెక్కించారు. ఎందుకు విడిచిపెట్టారన్న దానిమీద పండితులలో పలు అభిప్రాయాలున్నాయి. కాని 2వ శాసనం మాత్రం ధౌలిలోనూ ఉంది, జౌగడలోనూ ఉంది. ఆ శాసనం దేన్ని గురించి? మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయడం గురించి. ఓషధి మొక్కలు, దుంపలు, పండ్ల చెట్లు ఎక్కడ లేకపోతే అక్కడికి వేరేచోటి నుంచి తెప్పించి నాటించడం గురించి. దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచడం గురించి. అంటే తమను ఓడించిన రాజు పశ్చాత్తాప వాక్యాలను కళింగ ప్రజలు తమ నేలమీది శిలలలో చూడలేదు. వారికి కనిపించినది మందు మొక్కల మాట, నీడ చెట్ల మాట. విజేత పశ్చాత్తాపం ఓడినవారికి ఉపన్యాసంగా కాక మొక్కగా, నీరుగా, వైద్యంగా చేరాలి. మనం ఈ విశేషం నుంచి గ్రహించవలసిన పాఠం ఇదేనని మా అభిప్రాయం.

అశోకుని గొప్పగా చెప్పుకొనేటప్పుడు ఆయన మాటల్లోని రెండో పార్శ్వాన్ని దాచకూడదు. అదే 13వ శాసనంలో అటవీ జనులకు ఒక హెచ్చరిక ఉంది. పశ్చాత్తాపపడుతున్నా తనకు శిక్షించే శక్తి ఉన్నదని చక్రవర్తి వారికి గుర్తు చేశాడు. దారి పక్కన చెట్లు నాటించిన రాజ్యమే అడవిలో బతికేవారిని అనుమానంగా చూసింది. ఈ వైరుధ్యం మౌర్యుల కాలంతో అంతం కాలేదు. ఈ ప్రసంగంలో మళ్లీ ఎదురవుతుంది.

ఇక మన కాలానికి వద్దాం. 20వ శతాబ్దంలో చెట్లనే శత్రువుగా ప్రకటించి సాగించిన యుద్ధం వియత్నాంలో జరిగింది. అమెరికా సైన్యం 1962 నుంచి 1971 దాకా దక్షిణ వియత్నాం మీద విమానాలతో ఆకురాల్చే రసాయనాలను చల్లింది. మొత్తం పరిమాణం 7 కోట్ల లీటర్లకు పైమాటే. అడవి ఆకులు రాలిపోతే గెరిల్లాలు దాగడానికి చోటుండదని ఒక లెక్క. పొలాలు మాడిపోతే వారికి తిండి దొరకదని మరో లెక్క. పీపాల మీద గీసిన రంగు పట్టీలనుబట్టి ఆ రసాయనాలకు ఏజెంట్ ఆరెంజ్, ఏజెంట్ వైట్, ఏజెంట్ బ్లూ అని పేర్లు పెట్టారు. వీటిలో ఏజెంట్ బ్లూ ఆర్సెనిక్‌తో కూడినది, ముఖ్యంగా వరిపైరును నాశనం చేయడానికి వాడినది. అన్నం పెట్టే పైరును విషంతో చంపడం యుద్ధనీతిలో ఏ కోవకు వస్తుందో మీరే ఆలోచించండి.

అందరికీ తెలిసిన ఏజెంట్ ఆరెంజ్‌లో రెండు కలుపు మందులుండేవి. ఒకటి మన వరి రైతులకు కూడా పరిచయమున్న 2,4-డి. రెండోది 2,4,5-టి. ఈ రెండో రసాయనాన్ని తయారుచేసేటప్పుడు డయాక్సిన్ అనే మహావిషం అందులో కల్తీగా పుట్టుకొచ్చింది. ఆకులు రాల్చడం కొద్ది వారాల పని. డయాక్సిన్ మాత్రం మట్టిని పట్టుకుని దశాబ్దాలు నిలుస్తుంది. మట్టి నుంచి చెరువు బురదలోకి, బురద నుంచి చేపల్లోకి, బాతుల్లోకి, వాటిని తిన్న తల్లి శరీరంలోకి, ఆమె పాల నుంచి శిశువులోకి అది ప్రయాణిస్తుంది. ప్రతీత్య సముత్పాదాన్ని మనం మనస్సుకు సంబంధించిన సిద్ధాంతంగా చదువుకుంటాం. ఇది ఉన్నందువల్ల అది కలుగుతున్నదన్న ఆ సూత్రాన్ని వియత్నాం నేల ఇంత భయంకరంగా రుజువు చేసింది.

రసాయనాలకు తోడు బాంబులు గుంతలు చేశాయి. భారీ బుల్డోజర్లు అడవులను నేలమట్టం చేశాయి. కొండ అడవుల్లో ఒకసారి మందు పడితే ఆకులు రాలినా కొన్ని చెట్లు కోలుకునేవి. పదేపదే పడిన చోట అడవి పూర్తిగా చచ్చిపోయింది. సముద్రతీరపు మడ అడవులకైతే ఒక్కసారి పడితే చాలు. దక్షిణ వియత్నాం మడ అడవుల్లో మూడో వంతుకు పైగా అలా నాశనమయ్యాయి.

ఈ అన్యాయాన్ని ఎదిరించినవారు అమెరికాలోనే ఉన్నారని చెప్పడం మన ధర్మం. ఆర్థర్ గాల్‌స్టన్ అనే వృక్షశాస్త్రవేత్త విద్యార్థి దశలో సోయాచిక్కుడు త్వరగా పూతకు రావడానికి ఉపకరించే ఒక రసాయనం మీద పరిశోధించారు. మోతాదు ఎక్కువైతే ఆకులు రాలిపోతాయని ఆ పరిశోధనలోనే తేలింది. అటువంటి జ్ఞానం యుద్ధానికి ఉపయోగపడిందని గ్రహించాక ఆయన మౌనంగా ఉండలేదు. తోటి శాస్త్రవేత్తలతో కలిసి ఈ చల్లకాన్ని ఆపాలని పోరాడారు. జాతిహననం అన్న మాట వంటిదే ప్రకృతికి జరిగిన హననానికి కూడా ఒక మాట ఉండాలంటూ 1970లో ‘ఎకోసైడ్’ అన్న పదాన్ని లోకం ముందు పెట్టారు. పేరు లేని నేరానికి విచారణ ఉండదు కదా. ఆ తరువాతనే పర్యావరణాన్ని ఆయుధంగా మార్చడాన్ని నిషేధించే ఒప్పందాన్ని 1976లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమితి ఆమోదించింది. ప్రకృతికి విస్తృతమైన, దీర్ఘకాలికమైన, తీవ్రమైన నష్టం కలిగించే యుద్ధరీతులు కూడదన్న నియమం 1977లో జెనీవా ఒప్పందాల అదనపు పత్రంలో చేరింది. సమ్మా ఆజీవం అంటే కత్తులు, విషాలు అమ్మకుండా ఉండటం మాత్రమే కాదు, మన విద్య ఎవరి చేతిలో ఏమవుతున్నదో కనిపెట్టి ఉండటం కూడా. గాల్‌స్టన్ జీవితం మనకు చెప్పేది ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చచ్చిన నేలకు ప్రాణం ఎలా పోశారు?

మొదట తీరప్రాంతం. సైగాన్ నగరానికి ఆగ్నేయంగా, నదులు సముద్రంలో కలిసే చోట కాన్ జియో అనే మడ అడవి ఉంది. సైగాన్ రేవుకు వెళ్లే ఓడలు ఈ అడవి మధ్యలోని నదీమార్గం గుండానే పోవాలి. గెరిల్లాలు అక్కడ పొంచి ఉండేవారు కాబట్టి ఆ అడవిమీద విపరీతంగా మందు చల్లారు. యుద్ధం ముగిసేనాటికి అక్కడ మిగిలింది ఉప్పుబురద, ఎండు మోళ్లు. ఆ మోళ్లను కూడా ఆకలిగొన్న ప్రజలు వంటచెరకుగా తవ్వుకుపోయారు. 1978లో ఆ ప్రాంతం హో చి మిన్ నగర పాలన కిందకు వచ్చింది. ఆ ఏడాదే తిరిగి నాటడం మొదలైంది.

నాటినది రైజోఫోరా అనే మడజాతి చెట్టు. మన కోరంగి మడ అడవిలో ఉప్పుపొన్న అనే చెట్టు ఆ వంశానిదే. ఈ చెట్టు విత్తనం తల్లికొమ్మ మీదనే మొలకెత్తుతుంది. ములక్కాడలా పొడుగ్గా వేలాడి, పక్వమయ్యాక రాలి బురదలో గుచ్చుకుంటుంది. కాన్ జియోలో తల్లిచెట్లే లేవు, కాబట్టి విత్తనం కూడా లేదు. అందువల్ల దేశానికి దక్షిణపు కొసన ఉన్న కా మావ్ ప్రాంతం నుంచి మొలకలను ఏరి, పడవల్లో తెచ్చి, మోకాలి లోతు బురదలో నిలబడి ఒక్కొక్కటిగా గుచ్చారు. దేశం అప్పుడు పేదరికంలో ఉంది, తిండిగింజలకే కటకట. అయినా సంవత్సరాల తరబడి ఆ పని ఆగలేదు. సుమారు 20 వేల హెక్టార్లకు పైగా నాటారు. అడవి నిలిచాక ఇతర మడజాతులు వాటంతట అవే వచ్చి చేరాయి. చేపలు, పీతలు, పక్షులు, కోతులు తిరిగి వచ్చాయి. 2000 జనవరిలో యునెస్కో కాన్ జియోను జీవావరణ రక్షితప్రాంతంగా గుర్తించింది.

ఇందులో మనం తెలుసుకోవలసిన కీలకం నాటడంలో లేదు, ఆ తరువాతి కథలో ఉంది. నాటిన అడవి పెరుగుతున్న కొద్దీ దాన్ని నరికి అమ్ముకునే ఒత్తిడి కూడా పెరిగింది. కాపలాదారులను పెట్టినంత మాత్రాన అది ఆగలేదు. 1990 ప్రాంతం నుంచి అడవిని భాగాలుగా విభజించి స్థానిక కుటుంబాలకు కాపాడే బాధ్యతను ఒప్పందంగా అప్పగించారు. వారికి ఆదాయం ఇచ్చారు, అడవిలోనే ఇల్లు కట్టుకుని ఉండనిచ్చారు. చెట్టు బతికితే తామూ బతుకుతామన్న స్థితి ఏర్పడింది. మొక్క నాటిన చేతికి ఆ నేలతో బతుకు సంబంధం లేనిచోట మొక్క నిలవదు. తరతరాలుగా ఇతరుల భూమిలో నాట్లు వేసి, పంట చేతికందని వారి బిడ్డలమైన మనకు ఈ మాటను ఎవరూ ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

తీరంలో కన్న కొండల్లో పని కష్టమైంది. అక్కడి మహావృక్షాలు చచ్చిపోయాక ఎండ నేరుగా నేలను తాకింది. దర్భలాంటి మొండి గడ్డి మనిషి ఎత్తున కమ్ముకుంది. స్థానికులు అందులో ఒకదానికి ‘అమెరికా గడ్డి’ అనే పేరు పెట్టారు. ప్రతి వేసవిలో ఆ గడ్డికి నిప్పంటుకునేది, దానితో పాటు కొత్తగా మొలిచిన మొక్కలన్నీ కాలిపోయేవి. యుద్ధం ముగిసిన తరువాత కూడా ఏటేటా అడవి మళ్లీ మళ్లీ చచ్చింది.

దోంగ్ నాయ్ రాష్ట్రంలోని మా దా అడవిలో వియత్నాం అటవీ శాస్త్రజ్ఞులు మొదట పాత అడవి చెట్ల మొక్కలనే నేరుగా నాటారు. అవి సాలవృక్ష కుటుంబానికి చెందినవి. తథాగతుడు మహాపరినిర్వాణం పొందినది ఏ చెట్ల నడుమనో ఆ సాలవృక్షానికి, మన ఉత్తరాంధ్ర కొండల్లో గుగ్గిలమని పిలిచే చెట్టుకు, అవి దాయాదులు. నీడలో పెరగవలసిన ఆ లేత మొక్కలు ఎండకు, గడ్డి మంటలకు నిలవలేకపోయాయి. అప్పుడు వారు పద్ధతి మార్చారు. ముందుగా ఆస్ట్రేలియా తుమ్మ వంటి త్వరగా పెరిగే చెట్లను నాటారు. వాటి నీడకు గడ్డి చచ్చింది, మంటలు తగ్గాయి, మట్టి కొంత కోలుకుంది. ఆ నీడలో అసలు అడవి మొక్కలను నాటారు. అవి నిలదొక్కుకున్నాక పైచెట్లను క్రమంగా తొలగించారు. పాలిచ్చే దాది బిడ్డ నడిచేదాకా తోడుండి తప్పుకున్నట్టు ఆ తుమ్మచెట్లు పనిచేశాయి. అందుకు పట్టేది ఏళ్లు కాదు, దశాబ్దాలు. నాటినవారు ఆ అడవి నీడలో కూర్చోలేరు. ఫలం ఆశించని దానం అనే మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ మాకు కనిపించదు.

ఈ పనికి దారి చూపినవారిలో వో క్వీ గారిని స్మరించాలి. ఆయన పక్షిశాస్త్రవేత్త. యుద్ధం ఇంకా ముగియకముందే రసాయనాల వల్ల ఏం జరిగిందో పరిశీలించడానికి బయలుదేరారు. హనోయిలో 1985లో ప్రకృతి వనరుల అధ్యయన కేంద్రాన్ని నెలకొల్పారు. అడవి చుట్టూ ఉన్న పల్లెల బతుకు బాగుపడకుండా అడవి బాగుపడదన్నది ఆయన పనిలో కనిపించే సూత్రం. 2003లో ఆయనకు బ్లూ ప్లానెట్ బహుమతి లభించింది. 2017లో కన్నుమూశారు.

విషం మరీ ఎక్కువగా పేరుకుపోయిన చోట్ల మొక్క నాటడంతో సమస్య తీరలేదు. లావోస్ సరిహద్దున ఆ లువోయి లోయలో ఆ సో అనే పాత సైనిక స్థావరం ఉంది. రసాయనాల పీపాలు నిలవచేసిన చోటు కావడంవల్ల అక్కడి మట్టిలో డయాక్సిన్ దశాబ్దాల తరువాత కూడా ఎక్కువగా కనిపించింది. ఆ నేలను శుభ్రపరచే స్తోమత అప్పట్లో ఎవరికీ లేదు. పిల్లలు, పశువులు అటువైపు వెళ్లకుండా ఎలా ఆపాలి? ముళ్లకంచె వేస్తే ఎవరైనా పీక్కుపోతారు. కాబట్టి ఒక అటవీ శాస్త్రజ్ఞుడు చుట్టూ బలమైన ముళ్లచెట్లను కంచెగా పెంచే ఆలోచన చేశాడు. ఆ చెట్టు కాయలను మన శీకాయలాగే అక్కడివారు తలంటుకు వాడతారు, అమ్ముకుంటారు. కంచె కాపాడుతుంది, కొంత ఆదాయమూ ఇస్తుంది. పేదల స్తోమతకు తగిన కరుణ ఎలా ఉంటుందో ఆ ముళ్లకంచె చూపించింది.

మరో ప్రాంతం క్వాంగ్ త్రీ. ఉత్తర, దక్షిణ వియత్నాంల సరిహద్దుకు ఆనుకుని ఉన్నందున అక్కడ లెక్కలేనన్ని బాంబులు పడ్డాయి. వాటిలో పేలనివి నేలలో మిగిలిపోయాయి. మొక్క కోసం గొయ్యి తవ్వితే ప్రాణం పోవచ్చు. అక్కడ చెట్టు నాటడమంటే ముందుగా బాంబులు తీయడమే. 1995లో అమెరికాలో ‘పీస్‌ట్రీస్ వియత్నాం’ అనే సంస్థ ఏర్పడి ఆ పనికి పూనుకుంది. ఆ యుద్ధంలో మరణించిన ఒక హెలికాప్టర్ పైలట్ సోదరి దాని స్థాపకుల్లో ఒకరు. తమ్ముణ్ని కోల్పోయిన నేలమీద పగ తీర్చుకోవడానికి బదులు, బాంబులు తీసి మొక్కలు నాటడానికి ఆమె వెళ్లారు. వైరం వైరంతో చల్లారదన్న బోధను మనం ప్రతి సభలో వల్లిస్తాం. ఆచరణలో దాని రూపం ఇది.

అదే క్వాంగ్ త్రీలో యుద్ధకాలంలోనే భిక్షువు థిచ్ నాట్ హాన్ స్థాపించిన యువజన సేవా విద్యాలయం వారు త్రా లోక్ అనే పల్లెను నిర్మించారు. బాంబులు కూల్చాయి. మళ్లీ కట్టారు. మళ్లీ కూలింది. అలా అనేకసార్లు జరిగినా వదలలేదు. ఆశ వదులుకుంటే యువకులు కోపానికి లొంగిపోతారని ఆయన భావించారు. నాశనమైన దాన్ని తిరిగి నిలబెట్టడం నేలకే కాక నిలబెట్టేవారి మనస్సుకు కూడా చికిత్స అన్నమాట.

ఇంతవరకు విన్నవారు వియత్నాం కథ సుఖాంతమని అనుకోవచ్చు. చరిత్ర బోధించేవాళ్లం కాబట్టి అలా ముగించలేం. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1943లో ఆ దేశంలో అడవి 43 శాతం. 1990 నాటికి సుమారు 28 శాతానికి పడిపోయింది. ఇప్పుడు మళ్లీ 42 శాతం దాకా వచ్చింది. ఇది సామాన్యమైన విజయం కాదు. అయితే ఆ నష్టమంతా యుద్ధం వల్లనే జరగలేదు, ఆ తరువాతి పేదరికం, కలప వ్యాపారం కూడా కారణాలే. తిరిగి వచ్చినదంతా అడవీ కాదు. అందులో పెద్ద భాగం కొద్ది ఏళ్లకొకసారి నరికి కాగితానికి, కలపకు అమ్మే తుమ్మతోటలు. పచ్చగా కనిపించినదల్లా అడవి కాదు, కాషాయం కట్టినవాడల్లా భిక్షువు కానట్టే. ఇక అడవిలోనే తరతరాలుగా బతికిన తా ఓయ్, కతు వంటి గిరిజనుల మాటకు ఈ లెక్కల్లో ఎంత విలువ ఉన్నదన్నది వేరే ప్రశ్న. అశోకుని శాసనంలో మనం చూసిన వైరుధ్యం ఇదే.

న్యాయం కూడా పూర్తి కాలేదు. ఏజెంట్ ఆరెంజ్ వల్ల రోగగ్రస్తులైన అమెరికా సైనికులకు రసాయన కంపెనీలు 1984లో 18 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నాయి. వియత్నాం బాధితులు అదే దేశపు న్యాయస్థానానికి వెళితే 2005లో వారి వ్యాజ్యాన్ని కొట్టివేశారు. చల్లినవారికి పరిహారం దక్కింది గాని, ఎవరి నెత్తిన చల్లారో వారికి దక్కలేదు. ద నాంగ్ విమానాశ్రయపు మట్టిని వేడిచేసి శుద్ధిచేసే పని అమెరికా సహాయంతో 2012లో మొదలై 2018లో ముగిసింది. అంతకన్న పెద్దదైన బియెన్ హోవా స్థావరంలో పని 2019లో మొదలైంది. యుద్ధం ముగిసింది 1975లో. చంపడానికి పట్టిన కాలానికీ మాన్పడానికి పట్టే కాలానికీ మధ్య ఎంత దూరమో చూడండి.

మిత్రులారా, ఇది మనకెందుకన్న ప్రశ్నకు ధమ్మంలోనే సమాధానముంది. వృక్షాలకు, మొలకలకు హాని చేయడం భిక్షువులకు వినయపిటకం నిషేధించింది. తోటలు, వనాలు నాటేవారికి, వంతెనలు కట్టి బావులు తవ్వేవారికి పుణ్యం రాత్రింబవళ్లు పెరుగుతుందని సంయుత్త నికాయంలోని వనరోప సుత్తం బోధిస్తుంది. ఈ పుణ్యాన్ని పరలోకపు జమాఖాతాగా చూడనక్కరలేదు. చెట్టు రాత్రి కూడా పెరుగుతుంది, నాటినవాడు నిద్రపోయినా దాని మేలు సాగుతుంది. సృష్టి ఎలా పుట్టిందో వివరించడం మతం పనిగా, ఉన్న లోకాన్ని సరిగా పునర్నిర్మించడం ధమ్మం పనిగా బాబాసాహెబ్ అంబేడ్కర్ భేదం చూపారు. అశోకుడు కూడా 7వ స్తంభశాసనంలో మర్రిచెట్లను, మామిడితోపులను గురించి చెబుతూ, ఇటువంటి సౌకర్యాలు పూర్వపు రాజులూ కల్పించారని ఒప్పుకున్నాడు. తాను చేసినది మాత్రం ప్రజలు ధమ్మాన్ని అనుసరించాలని అన్నాడు. కాబట్టి మనకు చెట్టు అలంకారం కాదు, ఒక ఆచరణ.

ఆ ఆచరణకు మన శాఖలు స్వీకరించదగిన కొన్ని సూచనలు చేస్తాం.

మొదటిది: బుద్ధ పూర్ణిమనాడు ఎన్ని మొక్కలు నాటామో ప్రకటించడం మానేద్దాం. మూడేళ్ల క్రితం నాటినవాటిలో ఎన్ని బతికున్నాయో ప్రకటిద్దాం. ప్రతి శాఖ ఒక పుస్తకం పెట్టి, ప్రతి మొక్కకు ఒక కుటుంబం పేరు రాసి, వేసవిలో నీళ్లు ఎవరు పోయాలో ముందే నిర్ణయించాలి.

రెండవది: బోధివృక్షం మీది గౌరవంతో ఎక్కడ పడితే అక్కడ రావి నాటవద్దు. రావి వేరు ఇటుక కట్టడాన్ని చీలుస్తుంది. మన నేలమీది పురాతన స్తూపాల దిబ్బలమీద రావి నాటితే, బుద్ధుని పేరుతో బుద్ధుని గుర్తును చెరిపినవాళ్లమవుతాం. అక్కడ ఆ పరిసరాలకు దూరంగా వేప, కానుగ, ఇప్ప, నేరేడు వంటి స్థానిక వృక్షాలను పెంచుదాం.

మూడవది: తీరప్రాంత శాఖలవారు కోరంగి, కృష్ణా ముఖద్వారపు మడ అడవుల చెంత బతుకుతున్న మత్స్యకారులతో కలిసి పనిచేయాలి. వారికి మనం పాఠం చెప్పడానికి వెళ్లవద్దు, వారి దగ్గర నేర్చుకోవడానికి వెళ్దాం.

నాలుగవది: ప్రపంచంలో ఎక్కడ యుద్ధం జరిగినా దాన్ని జయాపజయాల వార్తగా మాత్రమే వినవద్దు. అక్కడి నీరేమైంది, పొలమేమైంది, చెట్టేమైందని అడుగుదాం. ఆ ప్రశ్న అడిగే పౌరులు పెరిగితేనే 1977లో రాసుకున్న నియమాలకు ప్రాణం వస్తుంది.

చివరగా మన దేశానికీ వియత్నాంకూ నడుమ ఉన్న ఒక చెట్టును గుర్తు చేసి ముగిస్తాం. 1959లో భారత రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ హనోయి నగరానికి ఒక బోధిమొక్కను కానుకగా తీసుకువెళ్లారు. అది ట్రాన్ క్వాక్ విహార ప్రాంగణంలో వేళ్లూనింది. ఆ ఏడాది చివర్లోనే హో చి మిన్ ప్రతి కొత్త సంవత్సరం పండుగకూ చెట్లు నాటాలని తన ప్రజలకు పిలుపునిచ్చారు. ఆ తరువాత హనోయి మీద బాంబులు కురిశాయి. ఆ చెట్టు నిలిచింది, నేటికీ అక్కడ నీడనిస్తోంది. ఇన్ని దశాబ్దాలు దానికి నీళ్లు పోసి కాపాడిన చేతుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. ఆ పేరులేని చేతుల సంఘంలో మనమూ చేరుదాం.

భవతు సబ్బ మంగలం. జై భీమ్.